ఇంట్లో సొంత సర్వర్ కోసం నెట్‌వర్క్ సిద్ధం చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ల్యాప్‌టాపో, అరచేతిలో పట్టే చిన్న బోర్డో ఇంట్లో ఒక మూల పెట్టి, దానిమీద ఫొటోలు, ఫైళ్లు, ఒక వెబ్‌సైటు, స్నేహితులతో ఆడుకునే గేమ్ సర్వరు లాంటివి నడుపుదామనుకునేవాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలు ఇవి. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక సాయంత్రం పని, దానికి వీడియోలు బోలెడు ఉన్నాయి. ఆ తర్వాత "ఇంట్లో పనిచేస్తోంది, బయటికెళ్తే రావట్లేదు" అన్న దగ్గర చాలామంది ఆగిపోతారు. కింద రాసిందంతా ఎక్కువగా ఆ చిక్కు గురించే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రౌటర్ పేజీ తెరవకముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఈ సర్వర్ దగ్గరికి ఎవరు రావాలి? ఇంట్లో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లే వాడతారంటే మీకు ఇంటర్నెట్ వైపు చేయాల్సిన పనే లేదు, ఒక్క పోర్టు (ఒక్కో సర్వీసుకు నంబరుతో ఉండే తలుపు) కూడా తెరవక్కర్లేదు. ఇంట్లోవాళ్లే గానీ బయట తిరుగుతున్నప్పుడు కూడా కావాలంటే వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి మీకు మాత్రమే ఉండే రహస్య దారి) పెట్టుకోండి. ముక్కూముఖం తెలియనివాళ్లు కూడా రావాలి, అంటే అది ఒక వెబ్‌సైటో, గేమ్ సర్వరో అయితే, అప్పుడు మాత్రమే పోర్టులు తెరవడం, డొమైన్ (సైటుకు పేరు) కొనడం, సర్టిఫికెట్ (హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన గుర్తింపు పత్రం) తెచ్చుకోవడం లాంటివన్నీ.

నేను చూసినంతలో చాలామందికి కావలసింది రెండోది, కానీ చేసేది మూడోది. తన ఫొటోలు తాను చూసుకోవడానికి లాగిన్ పేజీని ప్రపంచం మొత్తానికి చూపించి, తర్వాత దాన్ని ఎలా కాపాడుకోవాలా అని టెన్షన్ పడతారు. కింద ఏ జవాబు చదివినా ముందు కాగితం మీద రాసుకున్నది ఒకసారి చూసుకోండి, సగం మీకు అక్కర్లేకపోవచ్చు.

ఎలాంటి మెషిన్ కావాలి?

ఇంట్లో ఉన్నదే వాడండి. ఇద్దరు ముగ్గురు వాడే ఫైల్ సర్వర్‌కు పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది, పైగా దాని బ్యాటరీ ఇంకా బాగుంటే కరెంటు పోయినా కాసేపు నిలబడుతుంది. ఒక్క లెక్క మాత్రం వేసుకోండి. రోజంతా నడిచే మెషిన్ సగటున 10 వాట్లు తీసుకుంటే నెలకు 7 యూనిట్లు దాటుతుంది, 60 వాట్ల పాత డెస్క్‌టాప్ అయితే 43 యూనిట్లు. రాస్‌ప్‌బెర్రీ పై లాంటి బోర్డు అయితే డేటాను మెమరీ కార్డు మీద కాకుండా ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. లాగులు (మెషిన్ రాసుకునే చిట్టాలు), డేటాబేసులు అస్తమానం రాస్తూ ఉంటే కార్డులు ఎక్కువ కాలం బతకవు.

వైఫై సరిపోదా? కేబుల్ తప్పదా?

పనిచేస్తుంది, కానీ సర్వర్‌కు మాత్రం కేబుల్ వేయండి. వైఫైలో అందరూ ఒకే గాలిని పంచుకుంటారు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. పక్క గదిలో ఎవరో వీడియో చూడటం మొదలుపెడితే మీ సర్వర్ నత్తనడక నడుస్తుంది, కారణం ఏంటో మీకు అర్థం కాదు. క్యాట్ 5ఈ కేబుల్ ఒక గిగాబిట్‌ను 100 మీటర్ల దాకా మోస్తుంది, ఇంటికి అంతకన్నా ఖరీదైనది అవసరం లేదు.

కేబుల్ వేశాక వేగం ఎంత వస్తోందో కచ్చితంగా చూసుకోండి. నాకు ఒకసారి ఫైళ్ల కాపీ సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర ఆగిపోయింది, ఎంత పెద్ద ఫైలైనా అంతే, ఒక్క పిసరు పెరగదు. డిస్క్ మీద అనుమానంతో డిస్క్ మార్చాను, సాఫ్ట్‌వేర్ మీద అనుమానంతో అదీ మార్చాను. చివరికి తేలిందేమిటంటే, కేబుల్ కొసన ప్లాస్టిక్ క్లిప్పులోకి వెళ్లే ఎనిమిది తీగల్లో గోధుమరంగుది సరిగా దిగలేదు. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి. ఒక్కటి తెగినా లింకు నిశ్శబ్దంగా నాలుగు తీగలతో సరిపెట్టుకునే 100 మెగాబిట్ల వేగానికి పడిపోతుంది, తప్పు జరిగిందని ఎక్కడా చెప్పదు. 100 మెగాబిట్లను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర మెగాబైట్లు, దారి ఖర్చులు పోను మిగిలేది ఆ 11. ఆ అంకె ఎప్పుడు కనిపించినా ముందు కేబుల్ మార్చి చూడండి.

నిన్న పనిచేసింది, రౌటర్ ఆపి పెట్టాక సర్వర్ కనిపించట్లేదు. ఎందుకు?

దాని లోపలి అడ్రస్ మారిపోయి ఉంటుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ అనేది ఉంటుంది, ఇంట్లోకి వచ్చిన ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇచ్చేది అదే. అయితే ఇచ్చిన అడ్రస్ శాశ్వతం కాదు. నిన్న 192.168.1.10 గా ఉన్న సర్వర్ ఇవాళ 192.168.1.14 కావచ్చు, పాత 10 ఇంకెవరికో పోవచ్చు. మా ఇంట్లో ఆ 10 ప్రింటర్‌కు వెళ్లింది. నా వెబ్‌సైటు తెరిచినవాళ్లకు ప్రింటర్ సెట్టింగుల పేజీ కనిపించింది, ఒక స్నేహితుడు ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలియలేదు.

పరిష్కారం చాలా సులువు. రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనో, స్టాటిక్ లీజ్ అనో ఉంటుంది. అక్కడ సర్వర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి, దీనికి ఎప్పుడూ ఇదే ఐపీ అని కట్టేయండి. సర్వర్‌లోనే అడ్రస్‌ను చేత్తో రాసేయవచ్చు కూడా, కానీ నా ఓటు రౌటర్‌కే, ఎందుకంటే ఏ అడ్రస్ ఎవరిదో అంతా ఒకేచోట కనిపిస్తుంది, రెండు పరికరాలు ఒకే అడ్రస్ కోసం కొట్టుకోవు. మిగతా ఏ పని చేయాలన్నా ముందు ఇది అయ్యి తీరాలి.

సర్వర్‌లో ఒక ఐపీ, "నా ఐపీ ఎంత" అని వెతికితే ఇంకొకటి. ఏది అసలుది?

రెండూ అసలువే. 10 తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168 తో మొదలయ్యేవి ఇంటి లోపలి వాడకానికి 1996 లోనే విడిగా కేటాయించారు. అవి కోట్ల ఇళ్లలో ఒకేలా ఉంటాయి, ఇంటర్నెట్‌లో చెల్లవు. బయట కనిపించేది రౌటర్‌కు వచ్చిన పబ్లిక్ ఐపీ. లోపలివాళ్లు బయటికి పంపే ప్రతిదాన్నీ రౌటర్ తన పేరు మీద పంపి, జవాబు వచ్చాక ఎవరిదో గుర్తుపెట్టుకుని వాళ్లకు అందిస్తుంది. ఆ పనినే నాట్ అంటారు.

ఇబ్బంది ఎక్కడంటే, లోపలి నుంచి ఎవరూ అడగకుండా బయట నుంచి ఒకటి వచ్చినప్పుడు అది ఎవరికోసమో రౌటర్‌కు తెలియదు, అందుకని పక్కన పడేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే రౌటర్‌కు ముందుగానే చెప్పిపెట్టడం: 443 పోర్టు మీద ఎవరు వచ్చినా 192.168.1.10 దగ్గరికి పంపు అని. అంతే, ఇందులో ఇంకే మాయా లేదు.

అన్నీ చేశాను, పోర్ట్ ఫార్వర్డ్ కూడా పెట్టాను, అయినా బయట నుంచి రావట్లేదు. ఏం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. ఇక్కడ కంగారుపడి ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చేస్తే ఏది పనిచేసిందో, ఏది పాడుచేసిందో ఎప్పటికీ తెలియదు. లోపలి నుంచి బయటికి ఒక్కో అడుగూ చూసుకుంటూ రండి.

మొదట సర్వర్ మీదే కూర్చుని, ఆ సర్వీసు తన మెషిన్‌లో తనకు తెరుచుకుంటోందా చూడండి. తర్వాత అదే ఇంట్లో ఇంకో కంప్యూటర్ నుంచి, 192.168 అడ్రస్‌తో. మొదటిది పనిచేసి రెండోది పనిచేయకపోతే తప్పు రౌటర్‌ది కాదు. చాలా సర్వీసులు మొదట్లో 127.0.0.1 మీద మాత్రమే వింటాయి, అంటే తనతో తాను మాట్లాడుకోవడమే తప్ప పక్కవాళ్ల మాట వినవు. దాన్ని 0.0.0.0 కో (అంటే అన్ని అడ్రసుల మీదా విను అని), సర్వర్ సొంత ఐపీకో మార్చాలి. లేదంటే సర్వర్‌లోని ఫైర్‌వాల్ (ఏది రావచ్చో, ఏది రాకూడదో చూసే కాపలా) అడ్డుపడుతోంది.

ఈ రెండూ బాగుంటే ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మీ పబ్లిక్ ఐపీ తెరిచి చూడండి. ఇంటి వైఫై మీద ఉండి పబ్లిక్ ఐపీని పరీక్షించొద్దు, అది మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకో కింద చెప్తాను. ఇక్కడ వచ్చే ఎర్రర్‌ను బాగా గమనించండి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే మీ అభ్యర్థన ఏదో ఒక మెషిన్ దాకా వెళ్లింది, కానీ ఆ పోర్టు మీద వినేవాళ్లు లేరు. చాలాసేపు తిరిగి తిరిగి "టైమ్ అవుట్" వస్తే దారిలో ఎక్కడో ఎవరో నోరెత్తకుండా పారేస్తున్నారు.

టైమ్ అవుట్ అయితే సర్వర్‌లో టీసీపీడంప్ (మెషిన్‌కు వచ్చిపోయేవాటిని చూపించే ప్రోగ్రామ్) నడిపి, ఆ పోర్టుకు ఒక్క ప్యాకెట్ (డేటా ముక్క) అయినా వస్తోందా చూస్తూ, అదే సమయంలో ఫోన్ నుంచి మళ్లీ ప్రయత్నించండి. నా మట్టుకు నాకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు, ఎందుకంటే అది ఇంటిని రెండు ముక్కలుగా కోసేస్తుంది. ప్యాకెట్ వచ్చిందంటే రౌటర్ తన పని చేసింది, లోపం సర్వర్ వైపు. రాలేదంటే సర్వర్‌ను ఇక ముట్టుకోకండి, లోపం రౌటర్‌లోనో అంతకన్నా బయటో ఉంది.

బయట ఉందనుకుంటే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్ బయటి వైపు అడ్రస్) అని ఉండేదాన్ని చూడండి, "నా ఐపీ ఎంత" అని వెతికితే వచ్చేదానితో పోల్చండి. రెండూ ఒకటే అయితే మీకు నిజమైన పబ్లిక్ ఐపీ ఉంది. ఆ పోర్టును మాత్రమే ఇంటర్నెట్ సంస్థ ఆపేసిందేమో, వేరే పోర్టు నంబర్‌తో ప్రయత్నించండి. వ్యాన్ ఐపీ 192.168 తో మొదలైతే మీ రౌటర్‌కు ముందు ఇంకో రౌటర్ ఉంది. సాధారణంగా అది ఫైబర్ బాక్సే, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైను మాత్రమే అందించేలా) పెట్టించుకోండి, కుదరకపోతే రెండింటిలోనూ ఫార్వర్డింగ్ రాయాలి. 100.64 నుంచి 100.127 మధ్యలో ఏదైనా ఉంటే అది సీజీనాట్, అంటే ఇంటర్నెట్ సంస్థ ఎన్నో ఇళ్లకు కలిపి పెట్టిన పెద్ద నాట్. 10 తో మొదలైనా కొన్నిసార్లు అదే.

సీజీనాట్ అని తేలింది. ఇంతేనా ఇక?

ఇంతే కాదు, నిరుత్సాహపడొద్దు. ఐపీవీ4 అడ్రసులు (పైన చూసిన నాలుగు అంకెల ఐపీలు) మొత్తం కలిపి దాదాపు 430 కోట్లు, పంచడానికి మిగిలిన చివరి పెద్ద కట్టలు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అందుకని చాలా సంస్థలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తాయి. దాని కోసం 2012 లో విడిగా పక్కన పెట్టిన అడ్రసులే ఆ 100.64 వరస. మీ రౌటర్‌లో ఎన్ని ఫార్వర్డింగులు రాసినా, పైన ఉన్న వాళ్ల పెద్ద నాట్‌లో మీ మాట చెల్లదు.

దారులు నాలుగు ఉన్నాయి. మొదట మీ ఇంటర్నెట్ సంస్థకు ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ ఇస్తారా అని అడగండి, స్టాటిక్ (ఎప్పటికీ మారనిది) కానక్కర్లేదు, పబ్లిక్ అయితే చాలు అని స్పష్టంగా చెప్పండి. ఈ రెండూ ఒకటే అనుకుని ఎక్కువ ఖర్చుది అంటగట్టే అవకాశం ఉంది. రెండోది ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రసులు, దాని గురించి కింద ఉంది. మూడోది క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటిది: మీ సర్వరే బయటికి ఒక కనెక్షన్ వేసి పట్టుకుని ఉంటుంది, వచ్చేవాళ్లు దాని గుండా వస్తారు, లోపలి నుంచి మొదలైన కనెక్షన్ కాబట్టి సీజీనాట్ అడ్డుపడదు. వెబ్‌సైట్లకు ఇది బాగా కుదురుతుంది, కానీ మీ ట్రాఫిక్ మధ్యలో విప్పి చూడగల స్థానంలో మూడో మనిషి ఉంటాడన్నది తెలిసే ఎంచుకోండి. నాలుగోది, పబ్లిక్ ఐపీ ఉన్న ఒక చిన్న వీపీఎస్ (డేటా సెంటర్‌లో ఉండే సర్వర్) అద్దెకు తీసుకుని, దానికీ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వేసుకోవడం. కాస్త ఎక్కువ పనే గానీ పగ్గాలు మీ చేతిలో ఉంటాయి, నాకు నచ్చేది ఇదే.

కేవలం మీ సొంత ఫోన్, ల్యాప్‌టాప్ మాత్రమే రావాలంటే ఇవేవీ అక్కర్లేదు, టెయిల్‌స్కేల్ లాంటి తేలికైన వీపీఎన్ రెండువైపులా పెట్టుకుంటే పది నిమిషాల్లో అయిపోతుంది. అది ఇచ్చే అడ్రసులు కూడా అదే 100 వరసలో ఉంటాయి, చూసి సీజీనాట్ అనుకోకండి.

ఐపీవీ6 ఉంటే పోర్ట్ ఫార్వర్డింగ్ అక్కర్లేదంటారు, నిజమేనా?

నిజమే. ఐపీవీ6 లో ప్రతి పరికరానికీ ఇంటర్నెట్‌లో చెల్లే సొంత అడ్రస్ ఉంటుంది, నాట్ అవసరం లేదు. కానీ రౌటర్‌లో ఫైర్‌వాల్ ఉంటుంది, అది మామూలుగా బయటి నుంచి వచ్చేవాటిని ఆపేస్తుంది, మీ సర్వర్ అడ్రస్‌కు, కావలసిన పోర్టుకు మాత్రం అనుమతి రాయాలి. కొన్ని రౌటర్లలో ఈ ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపడం తప్ప వేరే దారి ఇవ్వరు. అలా మాత్రం చేయొద్దు, ఇంట్లో ఉన్న ప్రతిదీ బయటపడుతుంది. ఇంకోటి, వచ్చేవాళ్ల దగ్గర కూడా ఐపీవీ6 ఉండాలి. ఇప్పటికీ అది లేని నెట్‌వర్కులు చాలా ఉన్నాయి, కాబట్టి అందరికీ తెరిచే సైటుకు దీనిమీదే ఆధారపడలేం.

నా పబ్లిక్ ఐపీ మారుతూ ఉంటుంది. డొమైన్ ఎలా కట్టాలి?

డైనమిక్ డీఎన్ఎస్ వాడండి (డీఎన్ఎస్ అంటే డొమైన్ పేరు అడిగితే దాని ఐపీ చెప్పే వ్యవస్థ). ఇంట్లో ఒక చిన్న ప్రోగ్రామ్ కొన్ని నిమిషాలకోసారి పబ్లిక్ ఐపీ చూసుకుని, మారితే డొమైన్ రికార్డును మార్చేస్తుంది. కొన్ని రౌటర్లలోనే ఇది ఉంటుంది. రికార్డు టీటీఎల్‌ను (ఒకసారి విన్న జవాబును ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే గడువు) 300 సెకన్లకో, ఇంకా తక్కువకో పెట్టుకోండి, లేకపోతే ఐపీ మారాక కూడా జనం గంటల తరబడి పాత ఇంటి తలుపు తడుతూ ఉంటారు.

బయట నుంచి నా డొమైన్ తెరుచుకుంటోంది, ఇంట్లో నుంచి మాత్రం తెరుచుకోవట్లేదు. ఇదేం విచిత్రం?

ఇంట్లో ఉండి మీ డొమైన్ తెరిస్తే మీ ల్యాప్‌టాప్ పబ్లిక్ ఐపీకి వెళ్తుంది, అంటే రౌటర్ దాకా వెళ్లి, మళ్లీ అదే ఇంట్లోకి వెనక్కి తిరగాలి. ఆ వెనక్కి తిప్పడాన్ని నాట్ లూప్‌బ్యాక్ అంటారు, కొన్ని రౌటర్లకు అది చేతకాదు. ఇందాక మొబైల్ డేటా మీదే పరీక్షించమన్నది ఇందుకే. రౌటర్‌లో ఆ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఇంట్లో పై-హోల్ లాంటి సొంత డీఎన్ఎస్ పెట్టుకుని, ఇంట్లో అడిగినవాళ్లకు ఆ డొమైన్‌కు 192.168.1.10 అని జవాబిచ్చేలా చేయండి.

ఒకే ఐపీ, కానీ నాలుగు సర్వీసులు. నాలుగు పోర్టులు తెరవాలా?

వద్దు. ఎన్జినెక్స్, క్యాడీ లాంటి రివర్స్ ప్రాక్సీ ఒకటి ముందు నిలబెట్టండి. బయటికి తెరిచేది 80, 443 మాత్రమే. ఏ పేరు అడిగారో చూసి ఫొటోలు అడిగినవాళ్లను ఫొటోల దగ్గరికి, బ్లాగు అడిగినవాళ్లను బ్లాగు దగ్గరికి అదే పంపుతుంది. మైన్‌క్రాఫ్ట్ లాంటి గేమ్ సర్వర్లు వెబ్ కాదు కాబట్టి వాటికి మాత్రం వాటి సొంత పోర్టు, మైన్‌క్రాఫ్ట్ జావాకు 25565, విడిగా తెరవాలి.

హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలా?

అక్కర్లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది. మామూలుగా వచ్చే సర్టిఫికెట్ 90 రోజులు ఉంటుంది, కాబట్టి గడువులోపు మళ్లీ కొత్తది తెచ్చుకునే పని ఆటోమేటిక్‌గా జరిగేలా పెట్టుకోవాలి. క్యాడీ అయితే ఆ పని తనే చూసుకుంటుంది. గడువు దగ్గరపడిందని గుర్తుచేసే మెయిళ్లను వాళ్లు 2025 లో ఆపేశారు, కాబట్టి ఇంకెవరో చెప్తారని ధీమాగా ఉండకండి. డొమైన్ మీదేనని నిరూపించడానికి 80 పోర్టు తెరిచి ఉంచడం ఒక పద్ధతి, డీఎన్ఎస్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెట్టడం ఇంకొకటి. రెండో పద్ధతికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు, సీజీనాట్ వెనక ఉన్నా, సర్వర్ ఇంటి లోపలికే పరిమితమైనా సర్టిఫికెట్ వచ్చేస్తుంది.

ఒక విషయం చాలామందికి తెలియదు. మీరు తీసుకున్న ప్రతి సర్టిఫికెట్ పేరూ ఎవరైనా చూడగలిగే బహిరంగ లాగుల్లోకి వెళ్తుంది. "ఈ సబ్‌డొమైన్ పేరు ఎవరికీ చెప్పలేదు కదా" అనుకుంటూ ఉండగానే బాట్లు వచ్చి తలుపు తడతాయి. పేర్లు బయటపడకూడదంటే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ (అన్ని సబ్‌డొమైన్లకూ కలిపి ఒకటే) తీసుకోండి.

పోర్టు తెరిస్తే హ్యాక్ అవుతుందా?

పోర్టు తెరవడం వల్ల కాదు, దాని వెనక ఉన్న సాఫ్ట్‌వేర్ పాతదైతేనో, పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటేనో అవుతుంది. కానీ తడుతూ ఉంటారన్నది మాత్రం ఖాయం. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కోసం 22 పోర్టు తెరిచిన కాసేపటికే లాగులో మీకు సంబంధం లేని పేర్లతో, రూట్ అని, అడ్మిన్ అని, టెస్ట్ అని, వరసగా లాగిన్ ప్రయత్నాలు కనిపిస్తాయి. మీ మీద పగతో కాదు, ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి ఐపీవీ4 అడ్రస్‌నూ యంత్రాలు రాత్రీపగలూ తడుతూనే ఉంటాయి. 2016 లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలాగే, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డులు మార్చని కెమెరాల్లోకి, ఇళ్లలోని రౌటర్లలోకి దూరి, వాటన్నిటినీ కలిపి డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీదికి తోలింది. ఆ అక్టోబరులో ఒకరోజు పెద్ద పెద్ద సైట్లు తెరుచుకోలేదు. దానికి గొప్ప తెలివేమీ లేదు, ఓ 60 మామూలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా ఉంది, అంతే.

కాబట్టి ఎస్ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపి, కీ (మీ కంప్యూటర్‌లో ఉండే తాళంచెవి లాంటి ఫైలు) మాత్రమే వాడండి. కీతో ఒకసారి లోపలికి వెళ్లి చూసుకున్నాకే పాస్‌వర్డ్ ఆపండి, మొదటి కిటికీ మూయకుండా రెండో కిటికీలో పరీక్షించండి, లేకపోతే మీ ఇంటి బయట మీరే నిలబడతారు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, రౌటర్ పేజీ బయటి నుంచి తెరుచుకునే ఆప్షన్ ఉంటే ఆపండి. యూపీఎన్‌పీ కూడా ఆపండి, అది ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండా పోర్టు తెరిపించుకోగలదు. భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే పడేలా పెట్టండి. కొత్త హంగులన్నిటికన్నా నాకు ఈ చివరిదే ముఖ్యం.

సర్వర్‌లోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో ఒక పోర్టు మూసేశాను, అయినా తెరిచే ఉంది!

ఆ సర్వీసు డాకర్‌లో (సర్వీసులను విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తోందా? అయితే కారణం అదే. డాకర్‌లో ఒక పోర్టును బయటికి ఇస్తే అది ఐపీటేబుల్స్ (లైనక్స్ లోపలి ఫైర్‌వాల్) నియమాలను తనే రాసుకుంటుంది, ప్యాకెట్లు యూఎఫ్‌డబ్ల్యూ చూసే చోటుకు రాకుండానే పక్క దారిలో వెళ్లిపోతాయి. రౌటర్‌లో ఫార్వర్డ్ చేయకపోతే ఐపీవీ4 మీద ఇంటి బయటివాళ్లకు కనిపించదు గానీ, వీపీఎస్ మీద ఇదే పొరపాటు చేస్తే డేటాబేసు నేరుగా ఇంటర్నెట్‌లో ఉంటుంది. పోర్టును 127.0.0.1 కు కట్టి, రివర్స్ ప్రాక్సీ గుండా మాత్రమే వచ్చేలా చేయండి.

ఎస్ఎస్‌హెచ్ పోర్టు 22 నుంచి వేరే నంబర్‌కు మారిస్తే చాలదా?

లాగులో చప్పుడు తగ్గుతుంది, భద్రత పెరగదు.

రౌటర్‌లో డీఎంజెడ్ అని ఒకటి ఉంది, అది ఆన్ చేస్తే అన్నీ పనిచేశాయి. అలాగే ఉంచేయనా?

వద్దు, ఇప్పుడే ఆపండి. ఇళ్ల రౌటర్లలో ఆ పేరుతో ఉండేది అన్ని పోర్టులనూ ఒకేసారి ఒక మెషిన్ మీదికి బార్లా తెరిచేయడం. అది ఆన్ చేస్తే పనిచేసిందంటే మీరు రాసిన ఫార్వర్డింగ్‌లో పోర్టు నంబరో, టీసీపీ బదులు యూడీపీ (ఇవి డేటా పంపే రెండు పద్ధతులు) కావాల్సిందో తప్పు ఉందని అర్థం. దాన్ని సరిచేయండి.

వీపీఎన్ పెట్టుకుంటే ఏం తెరవాలి?

వైర్‌గార్డ్ అయితే ఒకే ఒక్క యూడీపీ పోర్టు, మామూలుగా 51820. 2020 లో లైనక్స్ కెర్నెల్ 5.6 తో అది కెర్నెల్‌లోనే చేరింది కాబట్టి చిన్న బోర్డు మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. దానిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. సరైన కీ లేనివాళ్లు తడితే అది అసలు జవాబే ఇవ్వదు, అక్కడ ఒక తలుపు ఉందని కూడా వాళ్లకు తెలియదు.

ముందే చూసుకోవాల్సింది ఒకటి: ఇంటి నెట్‌వర్క్ 192.168.1 వరసలో ఉంటే మార్చేయండి. మీరు వెళ్లిన చోట వైఫై కూడా అదే వరసలో ఉంటే మీ ల్యాప్‌టాప్ 192.168.1.10 ను ఆ పక్కనే వెతుకుతుంది, ఇంటి దాకా రాదు. 10.37.5 లాంటి, ఎవరూ అనుకోకుండా తగలని వరస పెట్టుకోండి. మొదట్లోనే చేస్తే పది నిమిషాల పని, ఇరవై పరికరాలు చేరాక చేస్తే తలప్రాణం తోకకొస్తుంది.

సర్వర్‌ను ఇంట్లో మిగతావాటి నుంచి వేరుచేయాలా?

అందరికీ తెరిచే సర్వర్ అయితే చేస్తే మంచిది. అది పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే, అక్కడి నుంచి ఇంట్లోవాళ్ల ల్యాప్‌టాపుల్లోకి నడిచి వెళ్లకూడదు. వీల్యాన్ (ఒకే తీగల మీద విడివిడి నెట్‌వర్కులు చేయడం) ఉన్న రౌటర్, స్విచ్ ఉంటే సర్వర్‌ను వేరే వీల్యాన్‌లో పెట్టి, ఇంటి వైపు నుంచి సర్వర్‌కు వెళ్లొచ్చు గానీ సర్వర్ నుంచి ఇంటి వైపు కొత్త కనెక్షన్ మొదలుపెట్టకూడదు అని రాయండి. అంత లేకపోతే చవక స్మార్ట్ బల్బులు, కెమెరాలనైనా గెస్ట్ వైఫైలోకి తోసేయండి.

నెట్ వేగం ఎంత ఉండాలి?

మీరు ఇన్నాళ్లూ చూసింది డౌన్‌లోడ్. సర్వర్‌కు కావలసింది అప్‌లోడ్. 20 మెగాబిట్ల అప్‌లోడ్ అంటే సెకనుకు రెండున్నర మెగాబైట్లు, ఒక జీబీ వీడియో ఎవరికైనా వెళ్లడానికి ఏడు నిమిషాలు పడుతుంది. బ్లాగుకు అది చాలా ఎక్కువ, నలుగురు ఒకేసారి సినిమా చూడాలంటే తక్కువ. అప్‌లోడ్ నిండిపోతే ఇంట్లో వాళ్ల వీడియో కాల్స్ కూడా ముక్కలు ముక్కలవుతాయి, రౌటర్‌లో ఎస్‌క్యూఎం (లైను నిండినప్పుడు వరసను సర్దే సదుపాయం) ఉంటే ఆన్ చేసి, అసలు వేగం కన్నా కొద్దిగా తక్కువకు పరిమితి పెట్టండి, తేడా వెంటనే కనిపిస్తుంది. ప్లాన్ నియమాల్లో సర్వర్ నడపొద్దని రాసి ఉందేమో కూడా ఒకసారి చదవండి, కొన్ని ప్లాన్లలో ఉంటుంది.

ఇంట్లో మెయిల్ సర్వర్ పెట్టొచ్చా?

నేర్చుకోవడానికి పెట్టండి, అసలు మెయిల్‌కు వద్దు. ఇళ్ల కనెక్షన్ల మీద 25 పోర్టు తరచూ ఆపేసి ఉంటుంది, రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు) మీ చేతిలో ఉండదు, ఇళ్లకిచ్చే ఐపీల నుంచి వచ్చిన మెయిల్‌ను పెద్ద సంస్థలు నమ్మవు. పంపిన ఉత్తరం స్పామ్‌లో పడిందో లేదో కూడా మీకు తెలియదు.

కరెంటు పోతే?

సర్వర్‌కు యూపీఎస్ పెట్టి, రౌటర్‌ను గోడకు తగిలించేవాళ్లు చాలామంది. సర్వర్ బతికే ఉంటుంది, దారి ఉండదు. ఫైబర్ బాక్స్, రౌటర్, మధ్యలో స్విచ్ ఉంటే అదీ, అన్నీ యూపీఎస్ మీదే ఉండాలి. అలాగే బయాస్‌లో (మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగుల్లో) కరెంటు తిరిగి రాగానే తనంతట తానే ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టుకోండి. పెట్టాక నిజంగా ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి, అన్ని సర్వీసులూ వాటంతట అవే లేచాయో లేదో చూడండి. అయితే ముందు బ్యాకప్ తీసుకోండి, అది వేరే డిస్క్ మీద, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి, అందులోంచి ఒక ఫైలు తిరిగి తెచ్చి చూసుకుని ఉండాలి.

నేను ఇంట్లో లేనప్పుడు ఆగిపోతే ఏం చేయాలి?

మీ వీపీఎన్ కూడా ఆ సర్వర్ మీదే ఉంటే బయటి నుంచి ఏమీ చేయలేరు, అందుకని వీలైతే వీపీఎన్‌ను రౌటర్ మీదే నడపండి. అదీ పోయిందంటే ఇక మిగిలింది ఇంట్లోవాళ్ల చేతులే. నేను ప్రతి డబ్బాకూ పెద్ద అక్షరాలతో ఒక స్టిక్కర్ అంటించాను: ఫైబర్ బాక్స్‌కు 1, రౌటర్‌కు 2, సర్వర్‌కు 3. పక్కన గోడ మీద ఒక కాగితం: "ముందు 3 బటన్ ఒకసారి నొక్కండి, లైటు ఆరేదాకా ఆగండి. తర్వాత 1, 2 ప్లగ్గులు తీసి, రెండు నిమిషాలాగి 1 పెట్టండి. దాని లైట్లు నిలకడగా వెలిగాక 2 పెట్టండి. చివర్లో 3 బటన్." సర్వర్ ప్లగ్ మాత్రం ఎప్పుడూ పీకొద్దని కింద ఎర్ర ఇంకుతో రాశాను. పోయినసారి నేను ప్రయాణంలో ఉండగా సర్వర్ పడిపోతే, అమ్మ ఆ కాగితం చూసి ఐదు నిమిషాల్లో లేపింది.